రెండు భాషల బడిలో రెండో తరగతి: ఇంట్లో తెలుగు ఆపేయమంటున్నారు, ఏం చేయాలి?

చిట్టితల్లి_అమ్మ

మా పాప రెండో తరగతి. బడిలో సగం రోజు ఇంగ్లీషు, సగం రోజు స్పానిష్. కిండర్‌గార్టెన్ నుంచీ ఇదే పద్ధతి. ఇంట్లో మేం తెలుగే మాట్లాడతాం. మొన్న రిపోర్టు కార్డు ఇచ్చారు. ఇంగ్లీషు చదవడంలో "తరగతి స్థాయికి తక్కువ", స్పానిష్‌లో "ఇంకా నేర్చుకుంటోంది" అని ఉంది. మీటింగులో ఒకావిడ మెల్లగా, "పిల్లకి రెండు భాషలే బరువు. ఇంట్లో ఆ మూడోది కొన్నాళ్లు ఆపి, ఇంగ్లీషులోనే మాట్లాడి చూడండి" అన్నారు.

ఇంటికొచ్చినప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఆ రాత్రి పడుకోబెడుతూ కథ ఇంగ్లీషులో మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కాగానే పాప నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి "అమ్మ గొంతుతో చెప్పు" అంది. "నా గొంతే కదే" అన్నాను. "కాదు, అమ్మ గొంతు" అంది. కథ ఆపేసి పక్కన పడుకున్నాను, నిద్ర పట్టలేదు.

ఇంకో సంగతి. ఈ బడిలో చేర్చిందే లోకం తెలుస్తుందని. సంస్కృతుల పాఠం అంటే ఏడాదికోరోజు జెండాలు కత్తిరించి గోడకి అంటించడం, ఎవరి బట్టలు వాళ్లు వేసుకుని రావడం. అక్కడితో అయిపోతోంది.

తెలుగు ఆపాలా? బడి మార్చాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రెండుజడలు

ఆపకండి. ముందు ఈ మాట చెప్పి తర్వాత మిగతావి చదువుతాను.

కొలతబద్ద

కొన్ని వివరాలు కావాలి. ఆ చదివే పరీక్ష ఏ భాషలో పెట్టారు? చదవడంలో ఎక్కడ ఆగుతోంది: మాట పలకడంలోనా, పలికిన మాట అర్థం కావడంలోనా? తరగతి స్థాయి అంటే ఒక్క భాషే చదివే పిల్లల స్థాయా, రెండు భాషల పిల్లల స్థాయా? ఇవి తెలియకుండా ఏ సలహా ఇచ్చినా గాల్లో దీపమే.

గోడగడియారం

మాదీ ఇదే పరిస్థితి, బాబు ఒకటో తరగతి. మా ఇద్దరికీ స్పానిష్ ముక్క రాదు. హోంవర్కు కాగితం తెస్తే వాడే మాకు చదివి చెప్పాలి. సరిగ్గా చదివాడో లేదో మాకు తెలియదు. ఫాలో అవుతున్నా.

నేరుమాట

అందరూ "ఆపకండి" అంటారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. మా వాణ్ని మూడో తరగతిలో ఇలాంటి బడి నుంచి తీసేశాం. అప్పటికి వాడు ఇంగ్లీషులో ఒక పేజీ చదవడానికి ఇరవై నిమిషాలు తీసుకునేవాడు, స్పానిష్‌లో మాట్లాడమంటే తల దించుకునేవాడు. ఒక్క భాష బడిలో వేశాక ఏడాదిలో అందుకున్నాడు. రోజుకి ఉన్నవి అవే గంటలు. రెండు భాషలకి పంచితే ఒక్కోదానికి సగమే వస్తుంది, మూడింటికి పంచితే ఇంకా తక్కువ. ఇది లెక్క. ప్రేమతో లెక్క మారదు.

బడిగంట

నేను రెండు భాషల బడిలో ఒకటీ రెండు తరగతులకి చెబుతాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోవద్దు.

నేరుమాట గారూ, గంటల లెక్క మీరన్నంత సూటిగా లేదండీ. జిమ్ కమిన్స్ అనే కెనడా పరిశోధకుడు 1979 నుంచీ చెబుతూ వచ్చిన సంగతి ఇది. భాషలు తలలో వేరువేరు డబ్బాల్లో ఉండవు. పైకి కనిపించే మాటలూ ఉచ్చారణా వేరైనా, అడుగున ఉన్నది ఒకటే. కథలో తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం, కారణం చెప్పడం, రెండు విషయాలు పోల్చడం, వీటిని పిల్ల ఏ భాషలో నేర్చుకున్నా మళ్లీ ఇంకో భాషలో మొదట్నుంచీ నేర్చుకోనక్కర్లేదు. రాత్రి అమ్మ తెలుగులో చెప్పిన కథ దగ్గర "ఎందుకు?" అని అడిగిన పిల్ల, పొద్దున ఇంగ్లీషు పాఠంలో అదే "ఎందుకు?"ని వాడుకుంటుంది. కాబట్టి ఇంట్లో తెలుగు గంట ఇంగ్లీషు గంటని తినేయదు.

కమిన్సే చెప్పిన ఇంకో తేడా ఉంది. ఆటస్థలంలో మాట్లాడే భాష ఒకటి, పాఠంలో చదివే భాష ఒకటి. మొదటిది సుమారు రెండేళ్లలో వచ్చేస్తుంది. రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. పిల్ల స్నేహితులతో గలగలా మాట్లాడుతుంటే "ఇంగ్లీషు వచ్చేసిందిగా, మరి చదవదేం?" అని పెద్దవాళ్లు కంగారుపడతారు. రెండో తరగతి అంటే ఆ దారిలో ఇంకా సగం కూడా రాలేదు.

అమ్మా చిట్టితల్లి_అమ్మ గారూ, ఇంట్లో మీకు బాగా వచ్చిన భాషే మాట్లాడండి. మీకు అంతగా రాని భాషలో మాట్లాడితే వాక్యాలు పొట్టిగా అయిపోతాయి. "తిను, పడుకో, బూట్లు వేసుకో" దగ్గరే ఆగిపోతుంది. పిల్లకి కావలసింది పెద్ద పెద్ద వాక్యాలు.

రెండుజడలు

"అమ్మ గొంతు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను నేను. పాప అప్పుడే జవాబు చెప్పేసింది.

నేరుమాట

బడిగంట గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. ఐదేళ్లూ ఏడేళ్లూ అంటున్నారు. ఈలోపు పిల్ల "నాకు చదువు రాదు" అనుకోవడం మొదలుపెడితే? మావాడు సరిగ్గా అదే అనేవాడు. పరిశోధకుడికి ఏడేళ్లు ఒక వాక్యం. ఇంట్లో అవి రోజూ సాయంత్రాలు.

బడిగంట

అది నిజమైన ప్రశ్న, కాదనను. పిల్ల మొహం చిన్నబోతుంటే ఏదో ఒకటి ఇప్పుడే చేయాలి. నా మాటల్లా ఆ చేసేది తెలుగు తీసేయడం కాకూడదని.

అరటాకు

ఇది కొత్తగా మొదలైన గొడవేం కాదు. 1963లో మయామీలో కోరల్ వే ఎలిమెంటరీ అనే బడిలో ఇంగ్లీషు పిల్లల్నీ, క్యూబా నుంచి వచ్చిన స్పానిష్ పిల్లల్నీ కలిపి రెండు భాషల్లో చదివించడం మొదలుపెట్టారు. 1965లో కెనడాలో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు తల్లిదండ్రులు పట్టుబట్టి, కిండర్‌గార్టెన్ నుంచీ ఫ్రెంచ్‌లోనే చెప్పే తరగతి పెట్టించారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయం నుంచి వాలెస్ లాంబర్ట్, రిచర్డ్ టకర్ ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. మొదట్లో ఇంగ్లీషు చదవడంలో వెనకబడ్డారు. బడిలో ఇంగ్లీషు పాఠాలు మొదలయ్యాక త్వరలోనే అందుకున్నారు. ఆ రోజుల్లో తల్లిదండ్రులు పడ్డ భయం కూడా ఇదే.

ఒకప్పటి_పిల్ల

అరటాకు గారూ, ఆ కెనడా కథలో ఒక తేడా ఉంది. ఆ పిల్లల ఇంటి భాష ఇంగ్లీషు. టీవీలో, వీధిలో, ఆఫీసుల్లో అంతటా దానికి బలం ఉంది. బడిలో ఫ్రెంచ్ చదివినంత మాత్రాన అది పోదు. మా ఇంటి భాష అలాంటిది కాదు. లాంబర్టే తర్వాత ఈ తేడాకి పేర్లు పెట్టాడు: ఉన్న భాషకి ఇంకోటి కలిసేది ఒకరకం, ఉన్నదాన్ని తీసేసి ఇంకోటి వచ్చేది ఒకరకం.

నేను రెండోరకం. నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మానాన్నలకి ఎవరో ఇదే సలహా ఇచ్చారు. వాళ్లు బుద్ధిగా పాటించారు. "కొన్నాళ్లు" అన్నారట. ఆ కొన్నాళ్లు అయిపోలేదు. ఒకసారి ఇంట్లో భాష మారాక మళ్లీ వెనక్కి తిప్పడం ఎవరివల్లా కాలేదు. మా అమ్మమ్మ ఫోన్ చేస్తే నేను "బాగున్నావా", "తిన్నావా" అని రెండు మాటలు అని ఫోన్ అమ్మకిచ్చేసేదాన్ని. అమ్మమ్మ చివరి రోజుల్లో నాతో ఏదో చాలాసేపు చెప్పింది. నాకు అందులో నా పేరొక్కటే అర్థమైంది.

ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు నేను ఇరవై మూడేళ్లు వచ్చాక, అచ్చుల నుంచి మొదలుపెట్టి నేర్చుకున్నది. చిట్టితల్లి_అమ్మ గారూ, ఇంగ్లీషు ఎలాగైనా వస్తుంది. దానికి ఊరంతా ఉంది. తెలుగుకి మీరే ఉన్నారు.

గోడగడియారం

చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. రాసినందుకు థాంక్సండీ.

నేరుమాట

ఒకప్పటి_పిల్ల గారూ, ఒక్క మాట. మేం బడి మార్చాం గానీ తెలుగు ఆపలేదు. పైన నేను రాసినదాంట్లో ఆ రెండూ కలిసిపోయినట్టున్నాయి. మూడు భాషలని లెక్కేసింది నేనే, అది తప్పే. వెనక్కి తీసుకుంటున్నా. బడి సంగతిలో మాత్రం నా మాట నాదే.

చిట్టితల్లి_అమ్మ

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. తెలుగు ఆపను. నిన్న రాత్రి కథ మళ్లీ తెలుగులోనే చెప్పాను.

కొలతబద్ద గారు అడిగినట్టు ఇవాళ పక్కన కూర్చుని గమనించాను. ఇంగ్లీషు కథల పుస్తకం. మొదటి మాట ఓ, ఎన్, సి, ఇ. "అనగనగా" అని చెప్పడానికి ఇంగ్లీషు కథలన్నీ మొదలయ్యే మాట, "వన్స్". పాప దాన్ని "ఓన్సె" అని చదివింది. చదివి ఆగిపోయింది. వేలుతో బొమ్మలో పిట్టల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఏం చేస్తున్నావే" అంటే, "పదకొండు అన్నాడు కదా, ఇక్కడ ఏడే ఉన్నాయి" అంది.

నాకు స్పానిష్ రాదు కాబట్టి వెతికి చూశాను. నిజమే, స్పానిష్‌లో అవే నాలుగు అక్షరాలకి అర్థం పదకొండు!

బడిగంట

ఈ ఒక్క సంఘటన ఆ రిపోర్టు కార్డు మొత్తం కన్నా ఎక్కువ చెబుతోందండీ. మీ పాపకి చదవడం వచ్చు. అక్షరాల్ని శబ్దాలుగా మార్చింది, మాటని గుర్తుపట్టింది, అర్థం తెలుసుకుంది, బొమ్మతో సరిచూసుకుంది, సరిపోలేదని పట్టుకుంది. చదవడం అంటే ఇదే. భాష గుమ్మం ఒకటి తప్పింది, అంతే. ఇంగ్లీషు పరీక్షలో దీనికి సున్నా పడుతుంది.

మా క్లాసులో ఇవి రోజూ చూస్తాను. సి, ఓ, ఎం, ఇ ఇంగ్లీషులో "కమ్", రా అని. స్పానిష్‌లో "కోమె", తింటాడు అని. ఆర్, ఇ, డి ఇంగ్లీషులో ఎరుపు, స్పానిష్‌లో వల. స్పానిష్‌లో అచ్చులు ఐదు, ఎక్కడ రాసినా అదే పలుకు. ఇంగ్లీషులో ఒక్క అచ్చుగుర్తుకి నాలుగైదు పలుకులు. నమ్మకంగా ఉండే స్పానిష్ పద్ధతిని పిల్లలు ముందు పట్టుకుని, ఇంగ్లీషు మీద కూడా అదే వేస్తారు. తెలుగు చదివే పిల్లలైతే మరీను, మనకి రాసింది రాసినట్టే పలకడం అలవాటు కదా. చాలామందికి కొంతకాలానికి ఇది విడిపోతుంది.

రెండుజడలు

మా అక్క కూతురు ఇంకో రకం. స్పానిష్‌లో "పెరో" అంటే "కానీ", ర గట్టిగా దొర్లిస్తే "పెర్రో", కుక్క. పుట్టినరోజు పిలుపుకి జవాబుగా "నాకు రావాలని ఉంది కుక్క ఆ రోజు ఊరెళ్తున్నాం" అని రాసి పంపింది. ఆ చీటీ ఇప్పటికీ వాళ్ల ఫ్రిజ్ మీదే ఉంది.

కొలతబద్ద

బడిగంట గారితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. "రెండు భాషల పిల్లలకి ఆలస్యం మామూలే" అని నిజమైన ఇబ్బందిని కూడా వదిలేయకూడదు. మా బాబుకి అదే జరిగింది. అందరూ "వస్తుందిలే" అంటూ రెండేళ్లు గడిపారు. తీరా చూస్తే చదివే సమస్య నిజంగానే ఉంది. ముందే సాయం దొరికి ఉంటే వాడికి అంత ఏడుపు ఉండేది కాదు.

మాకు తర్వాత నిపుణులు చెప్పింది: రెండు భాషలవల్ల వచ్చే తడబాటు అయితే ఒక భాషలో కనిపిస్తుంది, ఇంకోదాంట్లో అంతగా కనిపించదు. అసలైన సమస్య అయితే పిల్లకి వచ్చిన అన్ని భాషల్లోనూ ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. అందుకే ఒక్క ఇంగ్లీషులోనే పరీక్షించి తేల్చకూడదు. మాటలు ఎన్ని వచ్చో లెక్కించాలన్నా అన్ని భాషలవీ కలిపే లెక్కించాలి.

ఇంట్లో ఓ చిన్న ఆట ఆడి చూడండి. "చిలకలో చి తీసేస్తే ఏం మిగిలింది?" "లక." "పలక, గిలక, ఆవు. ఇందులో కలవనిది ఏది?" ఇలాంటివి నోటితోనే. తెలుగులో ఇవి ఆడుతూ పాడుతూ చెప్పేస్తే నేను కొంత నిశ్చింతగా ఉంటాను. చాలా తడబడితే ఆగకుండా బడిలో రాతపూర్వకంగా అడగండి, రెండు భాషల్లోనూ పరీక్షించమని.

బడిగంట

మంచి మాట. కొలతబద్ద గారు చెప్పింది అక్షరం స్థాయి ఆట. ఇంగ్లీషుకి ఇంకో మెట్టు కింద వరకూ కావాలి, "కి" అన్న శబ్దంలో క్ వేరు, ఇ వేరు అని వినిపించాలి. దీనికి మన దగ్గర గుణింతం కన్నా మంచి సాధనం లేదు. క, కా, కి, కీ అని పలికిస్తూ "మారుతున్నది ఏది, మారనిది ఏది?" అని అడగండి. పిల్లకి హల్లూ అచ్చూ విడివిడిగా చెవిన పడతాయి. వారానికి ఒక గుణింతం చాలు, బలవంతం వద్దు.

ఇంకోటి. స్పానిష్‌లో ప, త, క మన ప, త, కల్లాగే ఊపిరి ఊదకుండా పలుకుతారు. ఇంగ్లీషే ఇంట్లో భాషగా ఉన్న పిల్లలకి ఇది చాలాకాలం రాదు. మన పిల్లలు మొదటి రోజే సరిగ్గా పలుకుతారు. ఈ సంగతి మీ పాపకి చెప్పండి. "నీకు తెలుగు వచ్చు కాబట్టే ఇది బాగా వచ్చింది" అని.

తాతగారి_పలక

పిల్లలంతా మాట్లాడుతున్నారు, నేనూ ఓ మాట కలుపుతాను. మా మనవరాలు ఇలాంటి బడిలోనే నాలుగో తరగతి. ఓరోజు వాళ్ల టీచర్ని "మాఎస్త్రా" అని పిలుస్తామంది. నాకు చెవిలో ఏదో మోగింది. "మీ నాన్న ఇల్లు కట్టించినప్పుడు వచ్చినాయన ఎవరు?" అన్నాను. "మేస్త్రి" అంది. ఆ మేస్త్రి పోర్చుగీసు "మెస్త్రె" నుంచి మనకొచ్చింది. స్పానిష్ "మాఎస్త్రో" దాని తోడబుట్టిందే. తాపీ పట్టినవాడూ, బలపం పట్టించేవాడూ ఒకే మాటకి పుట్టారు!

ఆ రోజు నుంచీ మాకు ఇదొక వేట అయిపోయింది. గదిలో అల్మారా చూపించాను, "అర్మారియో" అని గంతేసింది. ఇస్త్రీ పెట్టె తీస్తే "ఎస్తిరార్", సాగదీయడం. పాదిరి అంటే "పాద్రె", నాన్న. నోటుబుక్కులో రెండు వరసలు గీసి రాసుకుంటోంది. మొన్న ఆ పుస్తకం క్లాసుకి తీసుకెళ్లింది. అయిదు వందల ఏళ్ల కింద ఓడలెక్కి వచ్చినవాళ్ల మాటలు మా తాత నోట్లో ఉన్నాయని చెప్పిందట.

అమ్మాయ్, నువ్వు జెండాల గురించి బాధపడ్డావు కదా. లోకం అంటే ఏమిటో ఆ పిల్లకి అల్మారా దగ్గర తెలిసింది.

గోడగడియారం

తాతగారూ, ఇప్పుడే మావాడికి అల్మారా చూపించాను. వాడికి ఆ స్పానిష్ మాట తెలుసు! వాడికి తెలిసిన స్పానిష్ మాట ఒకటి నాకూ తెలియడం ఇదే మొదటిసారి.

ఆకుపచ్చ_పెన్ను

లెక్కల్లో కూడా ఇదే వేట ఆడొచ్చు. ఇంగ్లీషు "బిలియన్" వంద కోట్లు. స్పానిష్ "బిజోన్" రాత చూస్తే దాదాపు అదే మాట, విలువ మాత్రం లక్ష కోట్లు! ఇదేదో టైపు పొరపాటు అనుకుని మా అమ్మాయి పుస్తకం మీద దిద్దబోయింది. దశాంశానికి చాలా స్పానిష్ దేశాల్లో చుక్క బదులు కామా పెడతారు, మెక్సికోలో మాత్రం చుక్కే. మనం లక్షలకి వేరే చోట కామా పెడతాం. జర్మన్‌లో ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అంటారు. ఫ్రాన్సులో ఎనభై అంటే "నాలుగు ఇరవైలు". ఒకే అంకెకి ఇన్ని చూపులు ఉన్నాయని ఎనిమిదేళ్లకే తెలిసిన పిల్ల, తనకి తెలిసిందే సరైనదని మొండికేయదు.

అరటాకు

"మనం", "మేము" మర్చిపోయారు అందరూ. ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ రెండింటికీ ఒకటే మాట. "మేం సినిమాకి వెళ్తున్నాం" అంటే నువ్వు రావట్లేదని తెలుగు పిల్లకి తెలుసు. అదే ఇంగ్లీషులో చెబితే తెలియదు. మూడు భాషల్లో ఈ పని ఒక్క తెలుగే చేస్తుంది. ఇలాంటిది ఇంట్లోంచి తీసేయమనడం నాకు మింగుడుపడదు.

రెండుజడలు

మీరు, నువ్వు కూడా! స్పానిష్‌లో "ఉస్తెద్", "తూ" ఉన్నాయి. మా అక్క కూతురు ఒక్క నిమిషంలో పట్టుకుందట, క్లాసులో మిగతావాళ్లకి వారాలు పట్టింది.

నేరుమాట

ఇవన్నీ బాగున్నాయి. నాకు బడి మీదే ఇంకో సందేహం ఉంది. ఇలాంటి బళ్లు ఎవరికి ఎక్కువ పనికొస్తున్నాయి? స్పానిష్ ఇంటి పిల్లలు సగం, ఇంగ్లీషు ఇంటి పిల్లలు సగం అంటారు. మా వాడి క్లాసులో నేను చూసిందేమంటే, ఇంగ్లీషు పిల్లాడు రెండు స్పానిష్ వాక్యాలు మాట్లాడితే చప్పట్లు. స్పానిష్ పిల్లాడు ఇంగ్లీషు మాట్లాడితే "మాట్లాడాలిగా మరి" అన్నట్టు ఊరుకుంటారు. ఆటస్థలంలోకి రాగానే అందరూ ఇంగ్లీషే.

బడిగంట

మీరు పెట్టిన వేలు సరిగ్గా పుండు మీదే పడింది. గ్వాడలూపె వాల్డెస్ 1997లోనే దీని గురించి హెచ్చరిస్తూ వ్యాసం రాసింది. భాష ఒకటే అయినా ఆ గదిలో బలం అందరికీ సమానంగా లేదని. మేం దీనికోసం స్పానిష్ పూట ఇంగ్లీషులోకి అనువాదం చేయం. ఒక్కసారి టీచరు అనువదించిందా, పిల్లలు ఇక స్పానిష్ వినడం మానేసి అనువాదం కోసం కాచుకుంటారు. అయినా ఆటస్థలం మా చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను.

అందుకే కొన్ని బళ్లు మొదట తొంభై శాతం స్పానిష్, పది శాతం ఇంగ్లీషుతో మొదలుపెట్టి, తరగతి పెరిగేకొద్దీ సగం సగానికి వస్తాయి. ఇంగ్లీషుకి బయట ఎలాగూ బలం ఉంది కదా, లోపల రెండోదానికి బలం ఇవ్వాలని. సగం సగం మంచిదా, తొంభై పది మంచిదా అని మా టీచర్ల గదిలోనే ఇప్పటికీ వాదులాడుకుంటాం.

ఒకప్పటి_పిల్ల

ఆ చప్పట్ల సంగతి నాకు బాగా తెలుసు. ఆ క్లాసులో ఎవరికీ రాని భాష నా ఇంట్లో ఉండేది. నన్ను ఒక్కసారైనా ఆ భాషలో ఒక మాట చెప్పమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇంటికెళ్లి అమ్మమ్మకి ఫోన్ చేసి నేర్చుకునేదాన్ని అనుకుంటాను.

చిట్టితల్లి_అమ్మ

జెండాల బదులు బడిని ఏం అడగొచ్చో కూడా చెబుతారా? మీటింగ్ వచ్చే వారం పెట్టారు. ఉత్త చేతులతో వెళ్లి ఫిర్యాదు చేయడం ఇష్టం లేదు.

బడిగంట

మేం చేసినవాటిలో పిల్లలకి బాగా పట్టినవి రెండు చెబుతాను.

ఒకటి పేర్ల పాఠం. ప్రతి పిల్లా తన పూర్తి పేరు బోర్డు మీద రాసి, ఏ ముక్క ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలి. స్పానిష్ పిల్లలకి రెండు ఇంటిపేర్లు, నాన్నది ఒకటి, అమ్మది ఒకటి. పెళ్లయ్యాక కూడా అమ్మ తన ఇంటిపేరు తనే ఉంచుకుంటుంది. తెలుగు పిల్ల వచ్చి, "మాకు ఇంటిపేరు ముందు వస్తుంది, నా పేరు తర్వాత" అంది. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి ఇంటిపేరే ఉండదని, నాన్న పేరుకో అమ్మ పేరుకో "కొడుకు", "కూతురు" అని తగిలిస్తారని చదివి వినిపించాం. బడి దరఖాస్తులో "మొదటి పేరు, చివరి పేరు" అన్న గడులు అందరికీ ఎందుకు సరిపోవో వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. ఒకడు లేచి "ఆ ఫారం మారుద్దాం" అన్నాడు. నలభై నిమిషాల పాఠం మూడు రోజులు సాగింది.

రెండోది చందమామ. చిలీలో ఒక బడితో మా క్లాసు ఉత్తరాలు రాస్తుంది. డిసెంబరులో మా పిల్లలు మంచు బొమ్మలు గీసి పంపితే, "మాకు ఎండలు, వేసవి సెలవులొస్తున్నాయి" అని జవాబు. అక్కడ బడి మార్చిలో తెరిచి డిసెంబరులో మూస్తారు. తర్వాత ఒకే రాత్రి రెండు క్లాసులూ సగం చందమామని చూసి గీసి ఫోటోలు పంపుకోవాలి అనుకున్నాం. మాది కుడివైపు వెలుగు. వాళ్లది ఎడమవైపు. ఎవరు తప్పు గీశారని పిల్లలు కొట్టుకున్నంత పని చేశారు. చివరికి ఓ పిల్ల బంతి పట్టుకుని తల కిందులుగా వంగి చూసి, "ఇద్దరమూ సరిగ్గానే గీశాం, మనం నిలబడ్డదే ఒకళ్లకొకళ్లం తిరగేసి" అంది. భూగోళం అవతలివైపు మనుషులు ఎలా నిలబడతారో నేను చెప్పనే అక్కర్లేకపోయింది.

జెండాలు వద్దనడం లేదు. వాటి తర్వాత ఏం జరుగుతుందని అడగండి.

తాతగారి_పలక

తిరగేసిన చందమామని ఈ వయసులో తెలుసుకున్నాను. మా మనవరాల్ని లేపి చెప్పాలనిపించింది గానీ ఇప్పుడు రాత్రి పదకొండు.

రెండుజడలు

ఓన్సె!

నేరుమాట

ఒక్కటి ఒప్పుకుంటాను. మా వాడి బడిలో ఇలాంటి పాఠాలు ఉండి ఉంటే, స్పానిష్ అంటే తల దించుకునేవాడు కాదేమో. చిట్టితల్లి_అమ్మ గారూ, మీటింగులో ఇది తప్పక అడగండి: స్పానిష్ పూట టీచరు ఇంగ్లీషులోకి అనువదిస్తున్నారా? ఐదో తరగతి దాకా ఈ పద్ధతి ఉంటుందా, టీచర్లు దొరక్క మధ్యలో ఆపేస్తారా? మాకు రెండేళ్లలో ముగ్గురు టీచర్లు మారారు. మేం బయటికి రావడానికి అది కూడా ఒక కారణం, ముందే రాయాల్సింది.

కొలతబద్ద

ఇంకోటి అడగండి. కిండర్‌గార్టెన్ నుంచీ ఇదే బడిలో ఉండి ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న పిల్లల ఫలితాలు చూపించమనండి. మీ పాపని పోల్చాల్సింది వాళ్లు రెండో తరగతిలో ఉన్నప్పటి స్థాయితో.

చిట్టితల్లి_అమ్మ

మీటింగ్ అయింది. చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పదకొండు పిట్టల కథ ముందు చెప్పాను. స్పానిష్ టీచరు పెద్దగా నవ్వి, ఇంగ్లీషు టీచరుకి ఆ పేజీ చూపించారు. ఆవిడకి స్పానిష్ రాదట, పాప ఎందుకు ఆగిపోతోందో ఆవిడకి అప్పటిదాకా తెలియదు. ఇద్దరు టీచర్లూ ఒకే పిల్ల గురించి కలిసి కూర్చోవడం ఆ ఏడాదిలో అదే మొదటిసారని వాళ్లే అన్నారు. రెండు భాషల్లోనూ మళ్లీ పరీక్షిస్తామని రాసిచ్చారు. తెలుగు ఆపమన్న ఆవిడ ఈసారి రాలేదు. నేను మాత్రం రాతపూర్వకంగా "మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం" అని ఇచ్చొచ్చాను.

ఐదో తరగతి ఫలితాలు అడిగితే వెతికి ఇస్తామన్నారు, ఇంకా ఇవ్వలేదు. టీచర్ల సంగతి అడిగితే సూటిగా జవాబు రాలేదు. నేరుమాట గారూ, మీరు చెప్పకపోతే నేను అడిగేదాన్నే కాదు. అది తేలేదాకా నాకూ కాస్త భయంగానే ఉంది.

చిలక ఆట పాపకి చాలా ఇష్టమైంది. ఇప్పుడు నన్నే అడుగుతోంది.

గోడగడియారం

చందమామ పాఠం గురించి చెప్పారా?

చిట్టితల్లి_అమ్మ

చెప్పాను. స్పానిష్ టీచరు వాళ్ల చెల్లెలు అర్జెంటీనాలో బడిపంతులట. నిన్న రాత్రి పాపా నేనూ మేడమీద కూర్చుని చందమామని గీశాం. ఇవాళ సాయంత్రం అక్కణ్నుంచి ఒక బొమ్మ వచ్చింది, కింద ఎవరో చిన్నపిల్ల రాసినట్టు వంకరటింకర అక్షరాల్లో రెండు వాక్యాలు. పాప వాటిని నాకు స్పానిష్‌లో చదివి, తెలుగులో చెప్పింది.

బడిగంట

వెలుగు ఎటువైపు ఉందండీ?

చిట్టితల్లి_అమ్మ

ఎడమవైపు.